ఆసుపత్రి గడప

(వేములవాడ పఠనమందిరమున మేము చేసిన యుపన్యాసపు పాఠము)



ప్రతిదినము సాయంకాలమున పత్రికలు చదువుకొనుటకై యీ మందిరమునకు వచ్చు మీ యెదుట మేము స్త్రీల ప్రసవమును గూర్చి, అందును వికలాంగ స్త్రీల ప్రసవమును గూర్చి మాటలాడ బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. అది యాడువారు పెరటిలో నాడుకొను మాటయే గాని పదుగురు పురుషులు కూర్చున్న సభలో నాడవలసిన మాట గాదని మీలో గొంద ఱనుకొనవచ్చును. అయ్యా! ఆ కారణముచేతనే యీ మాట యిక్కడ నాడవలసి వచ్చినది. ఆసుపత్రుల నెక్కడ గట్టవలయునో నిర్ణయించువారు, వాని గుత్తలు పట్టువారు, వాని సంఘములలో సభ్యులై కూర్చుండువారు, కాగితములపై సంతకములు చేయువారు మిక్కిలిగా పురుషులే. గడప కట్టినవారికి జెప్పక గడప దాటలేనివారికి జెప్పిన ప్రయోజన మేమి?

మన యూరి సంగతితోనే యారంభింతము. రాజన్న సన్నిధికి నలుదెసలనుండియు జనులు వచ్చుచున్నారు. ధర్మగుండమున మునిగి, కోడెను పట్టుకొని, గుడిచుట్టు ప్రదక్షిణము చేసి, దానిని గట్టివేసి మ్రొక్కు తీర్చుకొనుచున్నారు. పంట కొఱకు మ్రొక్కినవారు, రోగము కుదిరినవారు, సంతానము కోరినవారు అందఱు నా వరుసలోనే యుందురు. గుడి యావరణములోనే దర్గాయు గలదు. అక్కడ ఫాతెహా చదివించువారును ఈ వరుసనుండి పోయినవారే. ఇన్నివిధముల మనుష్యులకు జోటిచ్చిన స్థలము మనది. ఆ వరుసలో ఊతకఱ్ఱలపై వచ్చు స్త్రీని మన మందఱము చూచియున్నాము. ఆమె కోడె కట్టినప్పుడు మన మేమనుకొందుము? తన కాలు బాగుపడవలయునని మ్రొక్కుకొన్న దనుకొందుము. బిడ్డ కొఱకు మ్రొక్కుకొన్నదేమో యని మనలో నెవ్వరికిని దోపదు. మన కీ యాలోచన తోపకపోవుటయే నేటి యుపన్యాసమునకు విషయము.

ఒకప్పుడు మన పల్లెలలో కాన్పన్నచో మంత్రసాని యింటికి వచ్చెడిది. గర్భిణి మంచము దిగనక్కఱలేదు. కుంటిదైనను, గ్రుడ్డిదైనను, చెవులు వినరానిదైనను ఆమె యింటి గడపను మంత్రసానియే దాటివచ్చెడిది. ఆ పద్ధతిలో ప్రాణము లనేకములు పోయినవి. దానిని మరల దెండని మేము చెప్పుటలేదు. కాన్పులు ఆసుపత్రులకు మాఱుట మేలే. 2019 మొదలు 2021 వఱకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణములో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. ఇది గర్వింపదగిన సంఖ్య. కాని దాని యర్థమును రెండవమాఱు చదువవలయును. పూర్వము గడప దాటవలసినది మంత్రసాని. నేడు గడప దాటవలసినది గర్భిణి. ఇంటి కాన్పు మూతపడినపిమ్మట ఆసుపత్రి యొక్కటియే తలుపైనది. ఆ తలుపులో దూరలేని స్త్రీకి మఱియొక తలుపు లేదు. కావున నడువలేనిది, చూడలేనిది, వినలేనిది యగు స్త్రీకి దారి చేసి యిచ్చుట ఆసుపత్రి చూపు దయ గాదు, దానికి సంక్రమించిన బాధ్యత.

మే మెఱిగిన యొక బీడీకార్మికురాలు గలదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టి సంసార మీదు స్త్రీలు వేలకొలదిగా నున్నారు. ఆమె వారిలో నొకతె. పేరు చెప్పము, ఊరు చెప్పము, ఆమె పోయిన ఆసుపత్రి పేరును జెప్పము. ఒకరిని దూషించుట మా యుద్దేశము గాదు. ఆమెకు బాల్యమున పోలియో వచ్చి కుడికాలు సన్నబడినది. పెండ్లియైన మూడవయేట గర్భము నిలిచినది. అయిదవ మాసమున భర్తతో గూడ ఆసుపత్రికి బోయినది. చీటీ వ్రాయించుకొను కిటికీకి ముందు మూడు మెట్లు. పట్టుకొనుటకు కమ్మి లేదు. బరువు తూచు యంత్రముపై నొంటికాలితో నిలువలేకపోగా నర్సు అందాజుగా నొక సంఖ్య వేసినది. గర్భిణికి బరువే ప్రధానమైన లెక్క. ఆమెకు మాత్ర మది యూహ. రక్తపరీక్ష మేడపైన. పరీక్షబల్ల ఆమె నడుమునకన్న నెత్తు. ఆయాయు భర్తయు జేరి బియ్యపు బస్తాను లారీపై కెక్కించినట్లు ఆమెను ఎక్కించిరి. అప్పుడు తెర సరిగా వేసి లేదు.

ఇవి యన్నియు ఆమె సహించినది. పిమ్మట జరిగినదానిని మాత్రము సహింపలేదు. లోపలివారు ఆమెవైపు జూడక భర్తవైపు దిరిగి "ఈమె కెందుకయ్యా పిల్లలు? ఎట్లు సాకును? ఆపరేషనులోనే కుటుంబనియంత్రణ కూడ జేసివేయుదుము, సంతకము పెట్టుము" అనిరి. అప్పు డామె యన్న మాట మాకు స్వయముగా జెప్పినది: "నన్ను అడుగుండ్రి సారూ. కాలు బోయింది గని నోరు బోలే. కనేది నేను గదా!" కాగితము పక్కకు బెట్టిరి. ఆమె కాన్పు మఱియొక చోట సుఖముగా జరిగినది. బిడ్డ నేడు బడికి బోవుచున్నది. కాని ఆ నాటినుండి ఆమె యే యాసుపత్రికిని దనకై పోలేదు. బిడ్డకు జ్వరము వచ్చిన బోవును. తనకు నొప్పి వచ్చిన సహించి యూరకుండును.

సభాసదులారా! ఈ చిన్న కథలో మూడు గడపలు గలవు. మొదటిది రాతిగడప. రెండవది వైద్యము తెలియమి యను గడప. మూడవది మాట. ఒక్కొక్కదానినే చూతము.

రాతిగడప సంగతి అన్నిటికన్న సులభము, ఏలయన దానిని మూరతో గొలువవచ్చును. చక్రాల కుర్చీ యెక్కుటకు గట్టు వాలుబాటకు నియమ మున్నది: ఒక యడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలయును. దానికన్న నిటారుగా గట్టినది వాలుబాట గాదు, జారుడుబండ. ద్వారము మూడడుగుల వెడల్పైనను ఉండవలయును. మరుగుదొడ్డిలో కుర్చీ తిరుగుటకు జోటు, చేయానుటకు కమ్మి కావలయును. చక్రాల కుర్చీ పీట యించుమించు 19 అంగుళముల యెత్తున నుండును. పరీక్షబల్లయు నంతకు దిగగలిగినచో స్త్రీ యెవ్వరి చేతులలోను బడక తానే దానిపైకి జరుగగలదు. మన యూరి వడ్రంగి యైనను అట్టి పల్లపు బల్ల నొకదానిని జేయగలడు. కుర్చీతో గూడ తూచు వెడల్పైన త్రాసును మన పత్తివ్యాపారులు, బియ్యపు వ్యాపారులు దినమును వాడుచునే యున్నారు. బస్తాలకు దొరకు త్రాసు గర్భిణికి దొరకకుండుట యెట్టి లెక్క?

రెండవది తెలియమి. వైకల్య మనగా నొక్కటి గాదు. పోలియో సోకిన స్త్రీకి కటివలయము వంకరబోయి యుండవచ్చును, వెన్ను వంగి యుండవచ్చును. అప్పుడు మత్తుసూది వేయువాడు ముందుగా వెన్నును జూచుకొనవలయును. కాని యొక కాలు సన్నబడినంత మాత్రమున కడుపు కోయవలసిన పని లేదు. మన రాష్ట్రమున ఈ హెచ్చరిక మఱింత యవసరము. పైన జెప్పిన పరిశీలన ప్రకారమే తెలంగాణములో నూటికి 60కి పైగా కాన్పులు కోతతో జరుగుచున్నవి. అందఱికిని గోయుచోట వికలాంగ స్త్రీకి కోతయే విధియని చెప్పుట సులభము. ఇక వెన్నుపాము దెబ్బతినిన స్త్రీకి పురిటినొప్పులు తెలియకపోవచ్చును. ఆమెకు మఱియే గుఱుతులు కనబడునో ముందే నేర్పవలయును. దెబ్బ రొమ్ము మీది భాగమున దగిలినదైనచో కాన్పు సమయమున రక్తపుపోటు హఠాత్తుగా నెగసి ప్రాణాపాయము గలుగవచ్చును. తెలిసిన వైద్యుడు ముందే వెన్నులో మందిచ్చి దానిని వారింపగలడు. మూర్ఛరోగమునకు వాడు వాల్‌ప్రోయేటు అను మందు గర్భస్థశిశువునకు హాని జేయును. దానిని గర్భము రాకమునుపే మార్పించుకొనవలయును. ఈ సంగతి ఆ స్త్రీకి జెప్పువా రెవరు? ఆమెకు బిడ్డలు గలుగుదు రను తలంపే లేనివారు దీనిని జెప్పరు గదా!

చెవులు వినరాని స్త్రీని దలచుకొనుడు. కాన్పుగదిలో "ఊపిరి బిగబట్టుము, ఇప్పుడు ముక్కుము, ఇప్పుడు వద్దు" అని క్షణక్షణము జెప్పుదురు. ముఖమునకు గుడ్డ కట్టుకొన్న నర్సు పెదవు లామెకు గనబడవు. ఆమె సంజ్ఞలు దెలిసిన తల్లినో చెల్లెలినో లోపలికి రానీయరు. ఆ గదిలో ఆమె యొంటరి. చూపులేని స్త్రీకి ఇనుపధాతువు బిళ్ళలును సున్నపుధాతువు బిళ్ళలును గలిపి యొక సంచిలో బెట్టి యిత్తురు. ఆ రెండింటిని ఒకే వేళ మ్రింగరాదు. సున్నపుబిళ్ళ ఇనుపబిళ్ళ గుణమును జెఱచును. ఒక పట్టీకి రబ్బరుచుట్ట తగిలించి "ఇది రాత్రి వేసికొనుము" అని చెప్పుటకు కాసు ఖర్చు గాదు. అయినను జెప్పువారు లేరు.

ఈ యక్కఱ కాన్పుతో దీఱునది గాదు. మన దేశమున పోలియో తుదిసారిగా గనబడినది 2011 జనవరిలో. 2014 మార్చిలో మన దేశము దానినుండి విముక్త మైనట్లు నిర్ణయింపబడినది. అనగా క్రొత్తగా పోలియో వచ్చిన పసివారు లేరు గాని పూర్వము వచ్చిన ఆడుబిడ్డలు నేడు నడివయస్సు స్త్రీలు. ముట్లుడుగు కాలపు బాధలు, గర్భాశయముఖమున బుట్టు పుండ్లు ఇతర స్త్రీలకు వలెనే వారికిని గలవు. బల్ల యెక్కలేని స్త్రీ కా పరీక్ష జరుగదు; జరుగనందున పుండు ముదురువఱకు దెలియదు. పక్కకు బండుకొన్న స్థితిలోనే యా పరీక్ష చేయవచ్చునన్న సంగతి వైద్యు లెఱిగినదే, చేయుటయే యరుదు.

ఇక మూడవ గడప. దీనిని మూరతో గొలువలేము. "ఈమె కెందుకు బిడ్డలు?" అను ప్రశ్న యొక్క నర్సు నోట బుట్టినది గాదు. దానికి పెద్ద వంశావళియే గలదు. 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము క్యారీ బక్ అను యువతిని మందబుద్ధి యని నెపమువెట్టి బలవంతముగా గొడ్రాలిని జేయుటను సమర్థించినది. 1933లో జర్మనీలో నాజీప్రభుత్వము చేసిన శాసనముచేత సుమారు నాలుగు లక్షలమంది స్త్రీపురుషులకు సంతానము లేకుండ జేసిరి. ఇవి పరదేశపు పాపము లని మనము నిట్టూర్చి యూరకుండ వీలులేదు. 1994లో పూనాలోని సాసూన్ ఆసుపత్రియందు, శిరూరు ప్రభుత్వసదనములో నుంచబడిన మందబుద్ధి యువతులకు గర్భసంచులు దీసివేసిరి. రోగ మేమియు లేదు. ముట్టునాళ్ళలో వారిని శుభ్రముగా నుంచుట కష్టమని చెప్పిరి. పనివాండ్రను జాలినంతమంది నుంచుటకన్న పిల్లల కడుపు కోయుట సులభమని తలచిరి! దేశమంతట గొప్ప యాందోళనము గలిగినది. కాని ఆ తలంపు మాసిపోయినదా? మన ప్రాంతమున చిన్న కారణములకే గర్భసంచి దీయించుకొను అలవాటు గలదు. తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి ఎనిమిదిమందికి గర్భసంచి లేదని ఆ పరిశీలనయే చెప్పుచున్నది. అట్టిచోట తన మాట తాను జెప్పుకొనలేని యాడుబిడ్డ నెవరు కాపాడవలయును?

దీనికి న్యాయస్థానము ప్రత్యుత్తర మిచ్చినది. 2009లో చండీగఢములోని ప్రభుత్వసదనమున నున్న యొక యనాథ యువతి యత్యాచారమునకు గురియై గర్భవతి యైనది. ఆమె బుద్ధి కొంత మందగించినది. గర్భస్రావము చేయింపుడని పంజాబు హర్యానా ఉన్నతన్యాయస్థాన మాజ్ఞాపించినది. కాని ఆ యువతి తనకు బిడ్డ కావలయు నన్నది. సర్వోన్నత న్యాయస్థానము ఆ యాజ్ఞను నిలిపివేసి, సంతానవిషయమున స్త్రీ తీసికొను నిర్ణయము రాజ్యాంగము 21వ యధికరణమున జెప్పిన వ్యక్తిస్వాతంత్ర్యములోని భాగమనియు, బుద్ధి మందగించినదన్న కారణమున ఆమె సమ్మతిని తోసివేయ వీలులేదనియు 2009 ఆగస్టు 28వ తేదీ తీర్పున వివరించినది. సుచితా శ్రీవాస్తవ వ్యాజ్య మని దానికి బేరు. ఆ యేడు డిసెంబరులో ఆ యువతి యాడుశిశువును గన్నది. మన బీడీకార్మికురాలు ఈ తీర్పును జదువలేదు. అయినను "కనేది నేను గదా" యని యామె యన్నమాటయు, ఆ తీర్పు సారమును ఒక్కటియే.

ఈ స్వాతంత్ర్యము రెండు ప్రక్కల బదునైనది. బిడ్డ వలదనుకొన్న వికలాంగ స్త్రీకిని దారి యుండవలయును. గర్భవిచ్ఛిత్తి శాసనమునకు 2021లో చేసిన సవరణమువలన గొన్ని తరగతుల స్త్రీలకు 24 వారముల వఱకు గడు వీయబడినది. తీవ్రమైన శరీరవైకల్యము గలవా రందులో జేరిరి. కావలయు నన్నను వల దన్నను మాట యామెదిగా నుండవలయును.

ఇక శాసనమేమి చెప్పుచున్నదో వినుడు. ఐక్యరాజ్యసమితి 2006లో చేసిన వికలాంగుల హక్కుల యొడంబడికను మన దేశము 2007 అక్టోబరు 1వ తేదీని ధ్రువపఱచినది. దాని ననుసరించి 2016లో వికలాంగుల హక్కుల శాసన మేర్పడినది. 2017 ఏప్రిలునుండి యమలులో నున్నది. దాని 10వ విభాగము ప్రకారము సంతానమును గూర్చియు కుటుంబనియంత్రణమును గూర్చియు దగిన సమాచారము వికలాంగులకు ప్రభుత్వము అందజేయవలయును. వారి స్వేచ్ఛాపూర్వకమైన, తెలిసి యిచ్చిన సమ్మతి లేక సంతానహీనులను జేయు చికిత్స యేదియు జేయరాదు. 25వ విభాగము ప్రకారము ప్రభుత్వాసుపత్రులలోనే గాక ప్రైవేటు ఆసుపత్రులలోను ప్రతిభాగమునకు అడ్డు లేని దారి యుండవలయును, చికిత్సలో వారికి ముందువరుస యీయవలయును; వికలాంగ స్త్రీల ప్రజననారోగ్యమును ఆ విభాగము ప్రత్యేకముగా పేర్కొన్నది. 92వ విభాగము ప్రకారము వికలాంగ స్త్రీకి స్పష్టమైన సమ్మతి లేక గర్భస్రావము చేయువానికి ఆఱు మాసములకు దక్కువ గాకుండ, అయిదేండ్ల వఱకు గారాగారశిక్ష. తీవ్రవైకల్యసందర్భములలో వైద్యుని యభిప్రాయముతోడను సంరక్షకుని సమ్మతితోడను జరుగుదానికి మాత్రము మినహాయింపున్నది. ఆ సందు చిన్నది గాదని మా యభిప్రాయము.

ఉన్న ప్రజాభవనము లన్నిటిని నియమములు వెలువడిననాటినుండి అయిదేండ్లలో సరిజేయవలయునని 45వ విభాగము. నియమములు 2017 జూన్ 15న వెలువడినవి. అయిదేండ్లు 2022 జూనులో నిండినవి. చూపులేని యొక పౌరుడు రాజీవ్ రతూరీ 2005లో వేసిన వ్యాజ్యముపై సర్వోన్నత న్యాయస్థానము 2024 నవంబరు 8న తీర్పు చెప్పుచు, ఆ నియమములలోని 15వది శాసనమునకు విరుద్ధ మన్నది. ఏలయన శాసనము "చేయవలయును" అని యుండగా ఆ నియమము "చేసిన మంచిది" యన్నట్లు వ్రాయబడినది. తప్పనిసరియైన నియమములను మూడు మాసములలో జేయుడని ప్రభుత్వమున కాజ్ఞాపించినది. ఆ పౌరు డడిగిన దారి విషయమై వ్యాజ్యము 19 ఏండ్లు నడచినది. ఏడవ మాసపు గర్భిణి యన్ని యేండ్లు వేచియుండగలదా?

మాతో వాదించువారు చెప్పు మాటలు మూడు. మొదటిది: అట్టి స్త్రీలెంద ఱున్నారు, ఆసుపత్రిలో నేడాది కొకతెయైన గనబడదే యని. అయ్యా! మెట్లెక్కలేనివారిని మెట్లపైన నిలిచి లెక్కించిన నెట్లు గనబడుదురు? 2011 జనాభాలెక్కలలో దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందు స్త్రీలు ఒక కోటి 18 లక్షలు. నాటి యుమ్మడి యాంధ్రప్రదేశమున వికలాంగులు 22 లక్షలకు పైగా నుండిరి. వా రింటిలో నున్నారు. మన యిండ్లలోనే యున్నారు.

రెండవది: వారి బిడ్డలును వికలాంగు లగుదురని. పోలియో వంశమున వచ్చునది గాదు. మగ్గముపైనుండియో చెట్టుపైనుండియో బడి నడుము విఱిగినది వంశమున వచ్చునది గాదు. కాన్పులో ఊపిరాడక కలిగిన వైకల్యము వంశమున వచ్చునది గాదు. సరియైన కాన్పులేమిచే వచ్చునది. కొన్ని రకముల చెవుడు, చూపులేమి వంశమున రావచ్చును. దానిని గూర్చి తెలిసినవైద్యుడు దంపతులకు జెప్పవలయును, నిర్ణయము వారు చేసికొందురు. మేనరికము చేసికొను సకలాంగులను బిడ్డలు వల దని మన మెవ్వరమును ఆపుటలేదు గదా!

మూడవది: ధనము. క్రొత్త యాసుపత్రులకు ధనము దొరకినది. 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు వైద్యకళాశాలలు వచ్చినవి. వేములవాడలో ఏరియా ఆసుపత్రి వచ్చినది. పూర్వము కరీంనగరమునకో హైదరాబాదునకో పరుగెత్తినవారికి దూరము తగ్గినది. ఇంత దూరమును దగ్గింపగలిగిన ప్రభుత్వము వాకిటినుండి బల్లవఱకు గల చివరి నలుబదడుగులను దగ్గింపలేదా? వాలుబాట వికలాంగ స్త్రీకి మాత్రమే పనికివచ్చునది గాదు. నిండుచూలాలికి, ముసలివారికి, పడకబండికి నదియే దారి.

ఆసుపత్రి స్త్రీకొఱకు దన్ను దాను మార్చుకొనుట మన దేశమున క్రొత్త గాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఘోషాస్త్రీలు పురుషవైద్యునియొద్దకు రాక యింటనే మరణించుచుండిరి. అప్పుడు "రానివారిది తప్పు" అని యూరకుండిన సరిపోయెడిది. కొందఱు అట్లే యనిరి. కాని 1875లో మదరాసు వైద్యకళాశాల మేరీ షార్లీబుతో గూడ నలుగురు స్త్రీలను జేర్చుకొన్నది. 1885లో నామెయే మదరాసులో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నాసుపత్రి నెలకొల్పినది; ప్రజలు దానిని ఘోషా ఆసుపత్రి యనియే పిలిచిరి. ఆ యేటనే స్త్రీవైద్యులను సమకూర్చుటకు డఫరిన్ నిధి యేర్పడినది. హైదరాబాదులో మూసీ యొడ్డున జనానా ఆసుపత్రి లేచినది. తెరచాటు స్త్రీకొఱకు వైద్యవృత్తియే తన రూపు మార్చుకొన్నది. ఊతకఱ్ఱల స్త్రీకొఱకు ఒక బల్ల కాళ్ళు పొట్టి చేయుట దానికన్న గష్టమా?

ఇంతకు మనము చేయవలసిన దేమి? తీర్మానములు చాలును, కొలతలు కావలయును. ఈ మందిరమునుండి నలుగురు బయలుదేరుడు. మీలో నొకరి యింట చక్రాల కుర్చీ యుండును; ఊతకఱ్ఱలతో నడచు అక్కయో చెల్లెలో యుండును. ఆమె యిష్టపడినచో ఆమెను ముందుంచుకొని బస్సుదిగిన చోటునుండి ఆసుపత్రి పరీక్షబల్లవఱకు బొండు. ఎచ్చట నామె ఆగినదో అచ్చట వ్రాసికొనుడు: ఇన్ని మెట్లు, ఇంత వెడల్పు, ఇంత యెత్తు. ప్రభుత్వాసుపత్రియైనను ప్రైవేటుదైనను విడువకుడు. ఆ లెక్కను ఆసుపత్రి యభివృద్ధి సంఘమున కిండు. పని కాకున్న సోమవారము కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజావాణిలో నిండు. సమాచారహక్కు శాసనము 2005నుండి మీ చేతిలో నున్నది. మరమ్మతుల కేటాయించిన ధన మెంత, వాలుబాట కెంత యని యడుగుడు. అప్పటికిని గాకున్న రాష్ట్రమునకు వికలాంగుల కమిషన రున్నాడు.

వైద్యులకును నర్సులకును మా విన్నపము రెండు మాటలు. ప్రశ్న భర్త నడుగకుడు, ఆమె నడుగుడు. చెవులు వినరానిదైనచో వ్రాసి యడుగుడు, సంజ్ఞలు తెలిసినవారిని లోపలికి రానిండు. రెండవది, "ఎందుకు" అనకుడు, "ఎట్లు" అనుడు. ఆ యొక్క మాట మార్పులో ఆమె మరల వచ్చునో రాదో నిర్ణయ మగును. మీలో గొందఱు చిన్న జీతములతో, చాలీచాలని మంచములతో, రాత్రింబవళ్ళు శ్రమించుచున్న సంగతి మే మెఱుగుదుము. తప్పంతయు మీదే యనుటలేదు. కాని ఆ మాటకు ఖర్చు లేదు.

ఆశాకార్యకర్తలకు నొక మాట. మీ పుస్తకములో గర్భిణుల పట్టిక గలదు. అందు వైకల్యము గలవారి పేర్లకు గుఱుతు పెట్టుడు. ఏ యాసుపత్రికి, ఏ బండిలో, ఎవరు తోడుగా నన్నది తొమ్మిదవ మాసమున గాక అయిదవ మాసముననే నిశ్చయింపుడు.

ఇండ్ల పెద్దలారా! కడపట మీకు జెప్పవలసిన దున్నది. ఆసుపత్రి గడపకు ముందు మన యింటి గడప యున్నది. వికలాంగురాలైన కూతురికి ముట్టు సంగతి చెప్పక, పెండ్లి మాట యెత్తక, నొప్పి యన్నప్పుడు "నీ కెప్పుడు నున్నదే" యని త్రోసివేయునది మనమే. ఆమె పింఛను మాత్రము నెలనెల దీసికొందుము. ఆమె శరీర మామెది గాదనుట ఆసుపత్రి మనయొద్దనే నేర్చుకొన్నది.

రేపు సోమవారము. రాజన్నకు ప్రియమైన దినము. కోడెల వరుస పెద్దదిగా నుండును. ఊతకఱ్ఱల స్త్రీ యా వరుసలో గనబడినచో జాలిగా జూడకుడు. ఆమె మ్రొక్కు మన కెఱుకలేదు. అది బిడ్డకొఱకే యైయుండవచ్చును. దేవు డామె మొర వినునో లేదో దేవునికే విడుతము. విన్నచో ఆమె పోవలసిన యాసుపత్రిలో మూడు మెట్లున్నవి. వానిని దీయవలసినది మాత్రము దేవుడు గాదు, మనము.